తీపి తీసిన నీళ్లు

పంచదారకి నీళ్లంటే ఎంత ప్రేమో అచ్యుతాపురం ల్యాబులో చేరాకే నాకు తెలిసింది. పక్కనున్న మిఠాయిల ఫ్యాక్టరీవాళ్లు డేగిసాలు కడిగిన నీళ్లు మాకు పంపేవారు. ఆ తీపి నీళ్లు అలాగే సముద్రంలోకి వదిలితే కుళ్లిపోయి, చేపలకి ఊపిరాడదు. అందుకని నీళ్లతో కలవని, కిరసనాయిలు లాంటి సాల్వెంటులో పంచదారను పట్టుకునే మందు కలిపి, ఆ నీళ్లలో పోసి, గాజు గరాటులో గిలక్కొట్టాలి. కాసేపటికి సాల్వెంటు పైకి తేలుతుంది. దాంతోపాటు పంచదార కూడా రావాలి. నెలల తరబడి రాలేదు. వస్తేనే నా ఉద్యోగం పర్మినెంటని మా సారు అన్నారు.

మా అమ్మ చేపలమ్ముతుంది. కంపెనీ బస్సు దిగి నేనింకా చెప్పులు విప్పకముందే అడిగేది.

"ఏటే, వచ్చిందా పంచదార?"

మా ఇంట్లో వేటకెళ్లినవాళ్లు తెచ్చిన మొదటి చేప గంగమ్మది. నా మొదటి పంచదార కూడా ఆవిడదేనని అమ్మ తీర్మానించేసింది. ప్రసాదం పంచుతానని పేటంతా చెప్పేసింది కూడా.

చివరికి ఒకరోజు వచ్చింది. "పనైపోయినట్టే, రిపోర్టు రాసెయ్" అన్నారు సారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ల్యాబులో గంతులు నిషేధం.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అది తినకూడదని కూడా చెప్పాను.

"తినకూడని దాన్ని తియ్యడం ఎందుకే?"

"నీళ్ల కోసవే అమ్మా. సేపలు సావకుండా."

"అయితే అమ్మోరికి ఆ నీళ్లే పోద్దాం. తే."

సారుని అడిగి పంచదార తీసేసిన నీళ్లు ఒక సీసాడు తెచ్చాను. ఒడ్డున అమ్మ పసుపు కుంకుమలు పెట్టి, దణ్ణం పెట్టుకుని, మూత తీసింది. తీసి ఆగిపోయింది. రోజంతా అందులోనే ఉండే నా ముక్కు సాల్వెంటు వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

"ఏటే ఈ కంపు? దీన్ని సముద్రంలో ఒదిలేత్తారా?"

"నీళ్లలో సాల్వెంటు కొంచెవే ఉంటాదమ్మా."

"అయితే నాను పొయ్యను."

మూత బిగించి సీసా నా చేతిలో పెట్టింది. పేటకిచ్చిన మాట కోసం వచ్చేదారిలో కొట్లో పంచదార కొంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

మర్నాడు సారు బల్ల మీద రిపోర్టుకి బదులు ఆ సీసా పెట్టాను. మూత తీసి పెట్టాను.