రాజవ్వ కార్డు మీద నూర్

బస్సులో పక్క సీటావిడ సంచి విప్పగానే నానబెట్టిన తునికాకు వాసన వచ్చింది, దాని వెనకే తంబాకు ఘాటు. నాకు తుమ్ములు ఆగలేదు. ఆ తుమ్ములతో పాటు రాజవ్వ నా మనసులోకి వచ్చి కూర్చుంది. ఎల్లారెడ్డిలో ఎక్కిన నన్ను కామారెడ్డిలో దిగేదాకా వదల్లేదు.

రాజవ్వ ఎల్లారెడ్డిలో మా పక్కింటి మనిషి. డ్యాం కట్టినప్పుడు ఆమె ఊరు నీళ్లలో పోయింది. ఇంటి దర్వాజను చౌకట్టుతో సహా ఊడదీసి బండి మీద వేసుకొచ్చింది. కిరాయి గదికి అది పట్టలేదు. గోడకు చేరవేసి, దానికే వీపు ఆనించి బతుకంతా బీడీలు చుట్టింది. వాడకట్టుకు ఆమె చివరిదాకా "మునిగినోళ్ల రాజవ్వ". డిగ్రీ చదివే రోజుల్లో, తనూ శరణార్థే అన్నందుకు నేను ఆమెతో వాదనకు దిగాను. "శరణార్థులంటే యుద్ధానికి భయపడి పారిపోయినోళ్లు అవ్వా. నీకు సర్కారు వేరే జాగ ఇచ్చింది కద?"

"ఇచ్చింది. ఊరేమో నీళ్లల్ల పాయె, ఇచ్చిన జాగల తాగనీకి నీళ్లు లెవ్వు. గది ఏ యుద్ధమో నీ బుక్కుల చూసి చెప్పు."

బుక్కులో లేదు. ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను కామారెడ్డి కాలేజీలో పాఠాలు చెప్పే కాలంలో ఎల్లారెడ్డిలో మా వాడకు నూర్ వచ్చింది. బర్మాలో ఊరు తగలబెడితే ఇద్దరు పిల్లలతో దేశాలు దాటి వచ్చిన మనిషి. బీడీలు చుడతానంది. కార్మికుల కార్డు ఉన్నవాళ్లకే బీడీ కార్ఖానా ఆకు ఇస్తుంది, కార్డుకేమో కాగితాలు కావాలి. రాజవ్వ తన కార్డు మీద చుట్టమంది. కొత్తగా వచ్చినవాళ్లకు చిరిగిన ఆకులు అంటగట్టడం అక్కడి ఆడవాళ్ల ఆనవాయితీ. రాజవ్వ మాత్రం మంచి ఆకులు నూర్ చాటలో వేసి, చిరిగినవి తన ముందుకు లాక్కుంది.

"మనకే ఆకు సాలుతలేదు, ఇదెవతి నడుమ?" అంది ఎదురింటి లక్ష్మి.

"నేనొచ్చిన్నాడు మీ అత్త గూడ గదే అన్నది. పోతా పోతా ఆ మాట నీకిచ్చి పోయింది."

అందరూ నవ్వారు. నూర్ అర్థంకాకపోయినా నవ్వింది. అక్కడితో వదిలేస్తే నేను నేనెందుకవుతాను? కార్ఖానాకు వెళ్లి గుమస్తాను నిలదీశాను. "నూర్ మూడు నెలల నుంచి చుడుతుంది. ఆమె పేరు మీదనే కార్డెందుకియ్యరు?"

"ఎవరి కార్డు మీద చుడుతుంది?" అన్నాడతను తాపీగా.

ఒకరి కార్డు మీద ఇంకొకరు చుట్టకూడదని మర్నాడే రాజవ్వకు ఆకు ఆపేశారు. నాలుగో రోజు నూర్ పిల్లల్ని తీసుకుని బస్సెక్కింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. రాజవ్వ తిడుతుందనుకున్నాను.

"నువ్వన్నది న్యాయమే బిడ్డా. గని కార్ఖానకు పోయే ముందట నూర్‌ను ఒక్కమాట అడిగినవా?"

రాజవ్వ ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం నాతోనే ఉంది.

మొన్న కామారెడ్డిలో నేనుండే గల్లీలో, ఒక ఇంటి ఓనరు కిరాయికున్న కుటుంబాన్ని "బయటి దేశమోళ్లు" అని ఖాళీ చేయమన్నాడు. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని ముందు ఆ ఇంటి ఇల్లాలి దగ్గరికి వెళ్లాను. "నేను మాట్లాడనా?"

"ఇంకో ఇల్లు దొరికేదాకా వద్దు మేడమ్."

తొమ్మిది రోజులు ఆ ఓనరు ఎదురైనప్పుడల్లా పళ్లు నూరుకుంటూ నమస్తే పెట్టాను. పదో రోజు సామాను ఆటోలో ఎక్కించాక ఆమె నావైపు చూసి, ఇక మాట్లాడమన్నట్టు తలూపింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, వెళ్లి ఓనరు గేటు కొట్టాను.