చేత్తో పిలిచిన హాజరు

మా టీచరమ్మ పోయారని తిరుచానూరు నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, పెరుమాళ్ళకు మాల కడుతూ కూర్చున్నారట. మాల సగంలో ఉండగానే గోడకు ఒరిగిపోయారట. "మీ చెల్లెలికి మీరే చెప్పాలక్కా, మాకెవరికీ ఆ భాష రాదు కదా" అంది ఆ అమ్మాయి. సరేనన్నాను గానీ, ఆ పూటంతా ఇంట్లోంచి కదల్లేకపోయాను. చావు కబురు నోటితో చెప్పేటప్పుడు గొంతు తడబడితే చాలు, వినేవాళ్ళు మిగతాది అర్థం చేసుకుంటారు. నా చెల్లెలికి అట్లా సగం చెప్పడం కుదరదు. చేత్తో చెప్పే మాట పూర్తిగా చెప్పాల్సిందే.

ఆ భాష ఏమిటో, అది మా టీచరమ్మకు ఎట్లా వచ్చిందో చెప్పకపోతే ఆమెను మీకు చూపించినట్టు కాదు.

మాది నగరి. డెబ్భైల చివరికి మా వీధిలో ఇంటింటా మరమగ్గాలు వచ్చేశాయి. చేతిమగ్గం ఆడుతున్నా పక్కమనిషి మాట వినపడేది. ఒకే రేకుల షెడ్డులో మరమగ్గాలన్నీ ఆడుతుంటే మాత్రం పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకని షెడ్డుల్లో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. పోగు తెగింది, నూలు కండె అయిపోయింది, టీ వచ్చింది, మీ మామ వచ్చి వీధిలో నిలబడ్డాడు, అన్నిటికీ చేతులే. ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. నడకతో పాటు మాకు అదీ వచ్చింది.

నేను మూడో తరగతిలో ఉండగా టీచరమ్మ మా బడికి వచ్చారు. తిరుచానూరులో గుడి కైంకర్యాల కుటుంబం. మా ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయి వచ్చేవారు. సన్నటి మనిషి, నుదుట నిలువుగా ఎర్రటి శ్రీచూర్ణం గీత, చేతిలో ఎప్పుడూ మూత ఉన్న ఇత్తడి చెంబు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టరని వచ్చిన వారానికే ఊరంతా తెలిసిపోయింది. కోపం ముక్కు మీదే ఉండేది.

ఆమె బోర్డు వైపు తిరగ్గానే మా చేతులు మొదలయ్యేవి. ఒకరోజు చటుక్కున వెనక్కి తిరిగారు. నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"ఏం వెక్కిరింతే అది? లే పైకి."

"వెక్కిరింత గాదు టీచర్, మాట్లాడుకుంటా ఉండాం."

"నోరు లేదా నీకు?"

"ఉండాది టీచర్. మా షెడ్డులో నోటితో పని లేదు."

తరగతంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఏం మాట్లాడుకున్నారో చెప్పు. అబద్ధమని తెలిస్తే ఎండలో నిలబెడతా" అన్నారు.

"మీరు కట్టుకోనుండే చీర మా షెడ్డులో నేసిందేనని చెప్తా ఉంటిని టీచర్. అంచు చూస్తే తెలస్తాది."

ఆమె కొంగు అంచు చేతిలోకి తీసుకుని చూసుకున్నారు. తిరుపతిలో కొన్న చీరట. "కూర్చో" అన్నారు. ఆ సాయంత్రమే మా షెడ్డు చూడ్డానికి వచ్చారు.

లోపలికి అడుగుపెట్టగానే రెండు చెవులూ మూసుకున్నారు. మా నాయనను ఏదో అడిగారు. ఆయన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నా చెల్లెలు కండెల బుట్ట పక్కన పెట్టి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. దానికి అప్పుడు ఏడేళ్ళు. ఒక్కో మగ్గం దగ్గరికీ తీసుకుపోయి, నూలు మోసే నాడె అటూ ఇటూ ఎట్లా పరుగెత్తుతుందో, తెగిన పోగు ఎట్లా ముడి వేస్తారో, ఏ మగ్గం మాట వింటుందో, ఏది మొండిదో చేతులతో, కళ్ళతో చెప్పింది. మొండి మగ్గాన్ని నాయన ఎట్లా తిడతాడో కూడా చేసి చూపించింది. టీచరమ్మ నవ్వగా నేను చూసింది అదే మొదటిసారి.

వీధిలోకి వచ్చాక, "నీ పేరేంటమ్మా?" అని దాన్ని అడిగారు. అది పలకలేదు. మళ్ళీ అడిగారు.

"దానికి ఇనపడదు టీచరమ్మా. పుట్టినప్పట్నుంచీ అంతే" అనింది మా అమ్మ.

"లోపల ఇంతసేపూ నాతో మాట్లాడింది కదమ్మా" అన్నారు ఆమె. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేపటి నుంచి దాన్ని బడికి పంపమని ఆమె నాయనతో అన్నారు. నాయన ఒప్పుకోలేదు. "బడెందుకు టీచరమ్మా దానికి? షెడ్డులో ఎవురికీ ఏమీ ఇనపడదు. ఈడ అది అందరితో సమానం. ఆడికి పోతేనే అది చెవిటిది అయితాది" అన్నాడు. ఆమె చెంబు తీసుకుని వెళ్ళిపోయారు.

కానీ మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. వచ్చినప్పుడల్లా అమ్మ లోటాతో నీళ్ళు తెచ్చేది, ఆమె వద్దని చెయ్యి ఊపేవారు. ఒకరోజు చెల్లెలే లోటా తెచ్చింది. ఆమె వద్దన్నారు. అది పోలేదు. లోటాను చూపించి, ఆమెను చూపించి, చెయ్యి మలిచి ఏదో అడిగింది. "ఏమంటుంది?" అని నన్నడిగారు. నాకు చెప్పడానికి భయమేసింది. అయినా చెప్పాను.

"ఎందుకు తాగరు అంటా ఉండాది టీచర్. మా నీళ్ళు బాగుండవా అని."

ఆమె తన చెంబు కింద పెట్టారు. తర్వాత లోటా అందుకుని, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగారు. అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ తాగారు, లోటా ఖాళీ చేసి ఇచ్చారు. షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్న నాయన, "దాని మాట ఇన్నారు మీరు. బడికి తీసకపోండి టీచరమ్మా" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. మా హెడ్మాస్టరు నియమం తప్పే మనిషి కాదు, అట్లాగని చెడ్డవాడూ కాదు. "పిలిస్తే పలకని పిల్లను రిజిస్టర్లో ఎట్లా పెట్టుకుంటామమ్మా? ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పలక్కపోతే పేరు కొట్టేస్తాడు. ఆ మాట మీరే వాళ్ళ నాయనకు చెప్పాల్సి వస్తుంది" అన్నాడు. ఆమె వచ్చి మా తరగతిలో కుర్చీలో కూర్చున్నారు. మా అందరినీ చూసి, "నేను పిలిచే పద్ధతి మారిస్తే సరిపోతుందేమో. మీరు నేర్పుతారా నాకు?" అన్నారు.

టీచరు మమ్మల్ని నేర్పమని అడగడం. మా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

ఒక్కొక్కరికీ చేత్తో పిలిచే పేరు కట్టాం. నేను జడ కొరుకుతాను కాబట్టి జడ లాగితే నేను. ఐరాల నుంచి వచ్చి అవ్వగారింట్లో చదువుకునే పిల్లాడు బెల్లం ప్రియుడు, వేలు నాకితే వాడు. కండె చుట్టినట్టు వేళ్ళు తిప్పితే నా చెల్లెలు, దాన్ని మా తరగతిలోనే నా పక్కన కూర్చోబెట్టారు. పోలియో వచ్చిన ఒక పిల్లవాడికి మేం కాలీడ్చి చూపించాం. ఆమెకు కోపం వచ్చింది. "కాలు వాడి పేరు కాదు. వాడికేం ఇష్టమో వాణ్ణి అడగండి" అన్నారు. వాడికి శ్రీహరికోట రాకెట్లంటే పిచ్చి. అరచెయ్యి రివ్వున పైకి లేపితే వాడయ్యాడు, ఆ రోజంతా వాడు కింద చూసి నడవలేదు. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు తెలుగు తప్పులు పోతాయని మూల కూర్చునేవారు. చేతుల దగ్గర వాళ్ళే అందరికన్నా ముందున్నారు. ఇక టీచరమ్మ పేరు నా చెల్లెలే కట్టింది. కనుబొమల మధ్య నుంచి పైకి చూపుడువేలితో ఒక గీత. అది చూసి ఆమె ఒకసారి తన నుదురు తడుముకున్నారు.

పేరు పిలిస్తే గుండె మీద అరచెయ్యి పెట్టాలి. ఉన్నానని అర్థం. రాకపోతే పక్కవాళ్ళు చెయ్యి వెల్లకిలా తిప్పాలి. ఒక పేరు పిలిచాక జవాబు వచ్చేదాకా ఆమె ఇంకో పేరుకు పోయేవారు కాదు. కళ్ళు ఆ పిల్లల మీదే పెట్టి ఎదురుచూసేవారు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హెడ్మాస్టరు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె హాజరు మొదలుపెట్టారు. గదిలో చప్పుడు లేదు, వీధి చివరి మగ్గాల మోత మాత్రం వినిపిస్తోంది. జడ లాగారు, వేలు నాకారు, చెయ్యి పైకి లేపారు, కండె చుట్టారు. నా చెల్లెలు గుండె మీద చెయ్యి పెట్టింది. నా ప్రాణం అప్పుడు గానీ కుదుటపడలేదు.

"ఒక్కరూ పలకలేదేమమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అందరూ పలికారండీ. మళ్ళీ పిలవమంటారా?" అన్నారు ఆమె.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. అది కూడా లేని కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. ఆయనకు అప్పటికే పేరు కట్టేసిందన్నమాట. ఆయన నవ్వలేదు. పోతూపోతూ హెడ్మాస్టరుతో, "ఉండనీండి, పేరు ఉండనీండి" అన్నాడు.

లెక్క త్వరగా చేసేసి మేం తొందరపెడితే ఆమె, "పంక్తిలో చివరి విస్తరి ఇంకా కాలేదు" అనేవారు. భోజనాల బంతిలో చివరివాళ్ళు తినేదాకా ఎవరూ లేవకూడదని వాళ్ళింటి ఆచారం. మా తరగతికీ అదే ఆచారమైంది. ముందు చేసినవాళ్ళం వెనకవాళ్ళకు చేతులతో చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆ తర్వాత నేను చాలా చదువులు చదివాను. అట్లా నా కోసం ఆగిన తరగతి మళ్ళీ దొరకలేదు. ఒక్కసారి ఆ గదిలోకి పోయి, జడ కొరుకుతూ, ఆమె నా పేరు పిలుస్తారని కూర్చోవాలని ఇప్పటికీ ఉంటుంది.

చెల్లెలు ఏడో తరగతి దాకా చదివింది. పెద్ద ఉద్యోగాలేం చెయ్యలేదు. చీర అంచులకు కొత్త డిజైన్లు గీసి సొంత మగ్గం మీద నేస్తుంది, రోజూ పేపరు చదివి నాకు రాజకీయాలు చెప్తుంది. ఏటా అమ్మవారి బ్రహ్మోత్సవాలకు మేమిద్దరం తిరుచానూరు పోయి టీచరమ్మను చూసేవాళ్ళం. చివరి ఏళ్ళలో ఆమెకు చెవులు పోయాయి. ఇంట్లో అందరూ చెవి దగ్గర అరిచేవారు, ఆమె విసుక్కుని మొహం తిప్పుకునేవారు. పోయినేడు మేం వెళ్ళినప్పుడు చెల్లెలు ఎదురుగా కూర్చుని నుదుట గీత గీసి పిలిచింది. ఆమె గుండె మీద చెయ్యి పెట్టారు. ఇక మధ్యాహ్నమంతా ఇద్దరూ ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్య ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో" అంది. వచ్చేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా, తన గొంతు తనకు తెలియనంత గట్టిగా, "షెడ్డులో అందరూ సమానమని మీ నాయన చెప్పింది నిజమేనమ్మా" అన్నారు.

కబురు చెప్పడానికి మర్నాడు నగరి బస్సెక్కాను. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. చెల్లెలు నన్ను చూసి నవ్వింది. నేను నుదుట గీత గీశాను. రమ్మన్నారేమో అనుకుని తల ఊపింది. నేను చెయ్యి వెల్లకిలా తిప్పాను.

అది తన మగ్గం ఆపింది. చుట్టూ మిగతా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నా చేతిని చూసింది. తర్వాత చూపుడువేలు కనుబొమల మధ్య పెట్టి, మెల్లగా పైకి గీసింది. గీసి, నా భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తూ, జవాబు కోసం ఎదురుచూసింది.