తివాచీల గదిలో శుక్రవారం ఆట

మా చిన్నప్పుడు... రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ముందు వేసవిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, ఏలూరులో మా ఇంటి సినిమా గదిలో నిప్పంటుకుంది. మద్రాసు పంపాల్సిన తివాచీ ఒకటి రూపాయి బిళ్లంత మేర కాలింది. మనుషులకేమీ కాలేదు.

ఆ గదిని తయారుచేసింది మా మేనత్త జైబున్. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు. ఎండను గదిలోకి మళ్లించే అద్దం పట్టుకున్నది నేను... నాకు తొమ్మిదేళ్లు.

మాది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం మీద ముళ్లు వేసేది ఆడవాళ్లు. సరుకు చూసి, బాగుందో లేదో తేల్చేది పెదనాన్న. ఊళ్లో సినిమా హాలు ఉందని, ఆడవాళ్లు కూర్చోడానికి వేరే చోటుందని తెలిసి, అత్త వెళ్లి ఆయన్ని అడిగింది.

"మన ఇంటి ఆడవాళ్లు హాలు గడప తొక్కరు" అన్నారాయన.

"అలాగేనండీ అన్నయ్యా, తొక్కం" అంది అత్త.

ఆ వారంలోనే ఉన్ని నిల్వచేసే గది ఖాళీ అయింది...

అత్త కిటికీ తలుపుకు చిన్న కంత పెట్టింది. మాడిపోయిన కరెంటు బల్బు మూతి ఊడదీసి, నీళ్లు నింపి, కంత ముందు నిలబెట్టింది. గాజులమ్మే ఆవిడ హాలు వెనక ఏరి తెచ్చిన ఫిలిం ముక్కల్ని అట్టలో బిగించింది. ఎదురు గోడకు నానమ్మ తెల్ల దుప్పటి. మిగతా మూడు గోడలకూ అమ్మకానికి సిద్ధమైన తివాచీలు వేలాడదీసింది. వెలుతురు లోపలికి రాదు... పదిమంది నవ్వినా వీధిలోకి వినపడదు.

ఆట శుక్రవారం మధ్యాహ్నమే. మగవాళ్లంతా నమాజుకు మసీదుకు వెళ్లేవారు. వాళ్లు తిరిగొచ్చేలోగా మొదలై, ముగిసిపోవాలి.

నేను పెరట్లో నిలబడి అద్దంతో ఎండను కంతలోకి కొట్టేదాన్ని. లోపల దుప్పటి మీద బొమ్మ పడేది. కదలదు, మాట్లాడదు. కథ అత్తే చెప్పేది... మగ్గం దగ్గర రంగులు చెప్పే గొంతుతో. "రెండు ఎరుపు... ఒకటి పచ్చ..." అని ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు ముళ్లు వేయడం మా ఇంటి పద్ధతి. అదే వరసలో "రాజు వచ్చె... రాణి అలిగె..." అని సాగేది. ఉన్నవి ఏడెనిమిది ముక్కలే, వారానికో కథ.

కొల్లేటి నుంచి చేపలు తెచ్చే నాగమ్మ బుట్ట బయట దించి మరీ కూర్చునేది. "పోయినవారం ఈయనే కదమ్మా చచ్చిపోయాడు! మళ్లీ ఎలా లేచాడు?" అని అడిగింది ఒకసారి.

"నువ్వు తెచ్చే చేప లేవట్లేదా, పొద్దున చచ్చి మధ్యాహ్నానికి తాజా అని!" అంది నానమ్మ. సినిమా చూడటమే తప్పు అనే మనిషి... అందరికంటే ముందు పీట వేసుకునేది.

నిప్పుకు కారణం కూడా నానమ్మే అనాలి. "మసగ్గా ఉందే జైబున్... ఆ బొమ్మలో పిల్ల మొహం కనపడట్లేదు" అంది. అత్త వెళ్లి, పెదనాన్న ముళ్లు చూసుకునే భూతద్దం తెచ్చి, ఫిలిం వెనక పెట్టింది. బొమ్మ పట్టపగల్లా వెలిగింది. "ఉంచవే... కాసేపు ఉంచు" అంది నానమ్మ. ఉంచింది. ఫిలిం భగ్గుమంది.

అత్త పక్క గోడ మీది తివాచీ లాగి మంట మీద పడేసి తొక్కింది. ఉన్ని కాబట్టి ఆరిపోయింది.

పెదనాన్న తిరిగి వచ్చేసరికి ఇంటినిండా కమురు వాసన. ఆ వాసన వెంటే గదిలోకి వచ్చి, గోడ మీది దుప్పటి చూశారు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"ఈ గది ఎత్తెయ్ జైబున్. ఇవాళే."

అత్త కదల్లేదు. "సరుకు బుధవారం కదండీ వెళ్లేది. అప్పటికి బాగుచేస్తాను. కాలిన చోటు మీ చేతికి దొరికితే గది నేనే ఎత్తేస్తాను. దొరక్కపోతే శుక్రవారం ఆట ఉంటుంది."

"నా చేతికి దొరకదా?" ఆయన నవ్వారు. "సరే, చూద్దాం."

ఐదు రోజులు... కాలిన ముళ్లు ఒక్కొక్కటీ ఊడదీసి, కొత్తవి వేసి, కత్తెరతో ఎత్తు సరిచేసింది. రంగులు నేను చదివాను. వేలి చివర చర్మం లేచిపోతే గుడ్డ చుట్టుకుంది.

బుధవారం పొద్దున తివాచీ పరిచారు. సరుకు చూడటంలో పెదనాన్నకో అలవాటు... కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద జరుగుతూ, అరచేత్తో ఉన్ని వాలుకు ఎదురు నిమురుతూ వెళ్తారు. ఒకసారి వెళ్లారు. రెండోసారి వెళ్లారు. లేచి, ఉత్త పాదాలతో మొత్తం నడిచారు.

"ఎక్కడ?" అన్నారు చివరికి.

"చెప్పనండీ" అంది అత్త.

ఆయన తివాచీ చుట్టించి బండెక్కించారు. శుక్రవారం మసీదుకు బయల్దేరుతూ గడప దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, బల్ల మీది భూతద్దం తీసి జేబులో వేసుకున్నారు. "ఇది మాత్రం నాతో వస్తుంది" అన్నారు. ఆ రోజు ఆట జరిగింది... మసగ్గానే.

ఇదంతా మా మనవరాలు టైపు చేస్తోంది. నాకు తొంభై ఆరేళ్లు. వాళ్ల మేడ మీద తనే హోం థియేటర్ కట్టుకుంది... గోడలకు స్పాంజి పలకలు, నల్లరంగు కప్పు. ఎవరి అనుమతీ అడగలేదు. అడగాల్సిన రోజులు పోయాయి, మంచిదే. కానీ ఒకే తెర ముందు పదిమందిని కూర్చోబెట్టడానికి ఇప్పుడు పది రోజుల ముందు చెప్పాల్సి వస్తోంది.

మీ ఇళ్లలో ఎవరైనా, వద్దన్న దాన్ని ఇంట్లోనే కట్టుకున్నారా? రాయండి, చదివించుకుంటాను.

ఈ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మేడ మీద మొదటి ఆట. ఆ శబ్దం ఈ వయసులో నాకు పడదు, కింద గదిలోనే ఉండమని అందరూ చెప్పారు. నా పీట ఇవాళే పైకి పంపించాను... ముందు వరసకి.