ప్రభావతక్క పాటల పెన్ డ్రైవ్

ప్రభావతక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అది ఎంత తగ్గితే మాకు అంత భయం.

పుంగనూరు బజారులోని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అంగట్లో ఆమె మిషన్ నడుపుతుంది. పక్కన కూర్చుని దారాలు మార్చే పని నాది. పదో తరగతి మధ్యలో బడి మానేసి ఇక్కడ చేరాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు బెరుకు. అందుకే చూస్తూ ఉంటాను.

అక్కది మదనపల్లె. వాళ్లమ్మ మిషనరీల ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్క చాలాకాలం చేత్తో మగ్గం పని చేసింది. కళ్లు మసకబారడం మొదలయ్యాక, ఇంట్లో అందరూ వద్దంటున్నా ఈ మిషన్ పని నేర్చుకుంది. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వస్తుంది. లాప్‌టాప్‌లో డిజైన్ తయారు చేసి, అంగడి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని మిషన్‌కు గుచ్చుతుంది. ఇక సూదులు వాటంతటవే కుడతాయి. అవి కుడుతుంటే తన సొంత పెన్ డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు పెట్టి చర్చి పాటలు చిన్నగా వింటుంది. క్రిస్మస్‌కు వాళ్ల బృందం పాడాల్సిన పాటలు అందులో ఉంటాయి.

ఆయుధ పూజ సెలవు అయి అంగడి తెరిచిన రోజు ఆ లాప్‌టాప్ దేన్నీ గుర్తుపట్టలేదు. అంగడి పెన్ డ్రైవ్ గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు. మౌస్ పెడితే దాని ఎర్ర లైటు వెలగలేదు. ఇంకో వైపు పెడితే, ఈ వస్తువేదో తెలియడం లేదని తెరమీద ఒక మాట వచ్చి పోయింది.

యజమాని భానుప్రకాశ్ వంగి కూడా చూడలేదు.

"నీ పాటల పెన్ డ్రైవే అక్కా. దాంట్లోంచి వైరస్ ఎక్కింది. యాడ యాడనో తిరిగొచ్చినదాన్ని నా లాప్‌టాప్‌కు గుచ్చితే ఏమైతాది?"

"సూసినాక చెప్పప్పా. సూడకుండా చెప్పొద్దు."

"ఇంక సూసేదేముండాది? సెలవుకు ముందు ఆఖరున పెట్టింది నువ్వే గదా."

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కుప్పంలో ఇలాంటి అంగడే ఉన్న గిరీష్‌కు ఫోన్ చేశాడు, అదీ స్పీకర్ పెట్టి. "ప్రభావతక్కను మీ అంగటికి పంపమని అడుగుతాంటివే, జాగర్త అప్పా. నా లాప్‌టాప్‌కు రోగం అంటించింది."

అక్క పెద్ద కూతురిని కుప్పంలోనే ఇచ్చారు. కాన్పు దగ్గరపడుతోంది. అప్పటికల్లా గిరీష్ అంగట్లో చేరి కూతురి దగ్గర ఉండాలని ఆమె ఆశ. ఈ పనిలో నలుగురు యజమానులు ఒక మాట అనుకుంటే చాలు, ఆ మనిషికి ఇంకెక్కడా మిషన్ దొరకదు. ఆ సంగతి భానుకు బాగా తెలుసు. తెలిసే అన్నాడు.

"పాపా, టార్చి ఉండాదా?" అని అక్క నన్ను అడిగింది. గొంతు దాదాపు వినపడలేదు.

కమలాక్షమ్మ అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుంది. వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లి జాకెట్టు ఆ రోజే కావాలి. చేతుల మీద పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు రావాలి.

"ఏమ్మా, ముహూర్తం మీ పెన్ డ్రైవ్‌ను అడిగి పెట్టుకోవాల్నా?" అంది.

"ఆ డిజైన్ ఫోన్‌కు పంపించి, ఫోన్లోంచి పెన్ డ్రైవ్‌కు ఎక్కించక్కా. పని కానీ," అన్నాడు భాను.

"పని అయితాది. నా పేరు?"

"పేరేందక్కా, యాల పెద్దది చేస్తావు?"

"పెద్దది చేసింది నువ్వు. కుప్పం దాకా చేసినావు."

అక్క తన పెన్ డ్రైవ్‌ను ఒక చిన్న కనెక్టర్‌తో ఫోన్‌కు తగిలించింది. పాటలన్నీ తెరుచుకున్నాయి. అంగడి పెన్ డ్రైవ్ కూడా తెరుచుకుంది. అంటే పెన్ డ్రైవ్‌లు బాగానే ఉన్నాయి. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసింది. లాభం లేదు. సెట్టింగుల్లోకి పోయి, పెన్ డ్రైవ్ గుచ్చే పోర్టులను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి, మళ్లీ ఆన్ చేసి అది దానంతటదే ఎక్కేలా చేసింది. అప్పుడూ అంతే. ఛార్జర్ పీకి, ఆపేసి, పవర్ బటన్‌ను అలాగే నొక్కి పట్టుకుంది. బటన్ మీద బొటనవేలు తెల్లబడిపోయింది. భాను గొంతు నొక్కుతున్నట్టు అనిపించింది నాకు. నాకూ అదే కోరిక.

చివరకు లాప్‌టాప్‌ను పక్కకు తిప్పి టార్చి వేయమంది. పోర్టు లోపల, ఇత్తడి రంగు పలకల మీద పసుప్పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. మధ్యలో ఎర్రటి చుక్క.

అక్కకు అర్థం కాలేదు. పూజ రోజు ఆమె రాలేదు. నేను వచ్చాను. భాను కత్తెరలకు, మిషన్ తలకు, షట్టర్ తాళానికి గంధం, కుంకుమ పెట్టి, లాప్‌టాప్ వైర్లన్నీ పీకి శుభ్రంగా తుడిచాడు. దానికి ఎక్కడ పెట్టాలో తోచక, కరెంటు పారే చోటే దానికి ప్రాణమని, తడి గంధం వేలితో ఒక్కో పోర్టుకూ అద్ది, మీద కుంకుమ చుక్క పెట్టాడు.

"భానన్న పెట్టిన బొట్టు అది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కమలాక్షమ్మ పకపకా నవ్వింది. "దేవుడు లోపలికి పోయి కూర్చున్నాడా అప్పా?"

భాను ముఖం మాడిపోయింది. "పూజ చేసింది తప్పా ఇప్పుడు?"

"పూజను నేనేమన్నా అన్నానా? మాయమ్మ ప్రార్థన చేసి నూనె పూసుంటే గూడా ఇట్లే అయ్యుండేది. నేనడిగేది నీ నోటి సంగతి."

లాప్‌టాప్ ఆపి, బ్యాటరీ ఊడదీసి, పళ్లు కుట్టుకునే పుల్లతో గంధాన్ని మెల్లగా గీకింది. మెత్తటి బ్రష్‌ను స్పిరిట్‌లో కొద్దిగా తడిపి తుడిచింది. పూర్తిగా ఆరేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆన్ చేసి మౌస్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. పెన్ డ్రైవ్ తెరుచుకుంది.

"హమ్మయ్య. ఇంక కుట్టక్కా," అన్నాడు భాను.

అక్క చేతులు కట్టుకుంది. "కుప్పానికి చెయ్యి. స్పీకర్ పెట్టు."

కమలాక్షమ్మ కూడా ఊరుకోలేదు. "చెయ్యప్పా, నాకు ఆలీశమైతాంది."

అతను చేశాడు. "ఏం లేదులే గిరీషా, బాగయింది."

"ఎట్ల పాడైందో చెప్పు," అంది అక్క.

"గంధం పడింది."

"ఎవరు పెట్టినారు?"

"నేనే పెట్టినా. అక్కది ఏం లేదు," అన్నాడు భాను. అవతల గిరీష్ నవ్వడం అంగడంతా వినిపించింది. నవ్వాపుకుని, "ప్రభావతక్కా, వచ్చే నెల వచ్చేయ్. మా లాప్‌టాప్‌కు పైన మూత మీదే బొట్టు పెడతాం," అన్నాడు.

అక్క నవ్వలేదు. జాకెట్టు బిగించి మిషన్ వేసింది. సూదులు పెళ్లికూతురి పేరులో మొదటి అక్షరం కుడుతుంటే భాను దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీ పాటలు పెట్టుకోక్కా. బాగుంటాయి."

"అది రోగాల పెన్ డ్రైవ్ అప్పా. నీ లాప్‌టాప్‌కు పెట్టగూడదు," అంది అక్క, వినపడీ వినపడని గొంతుతో.

కుప్పం పోయేదాకా మళ్లీ పెట్టలేదు.