రెయినో మాటలు కోసేసిన ఐలీ

కెనడాలోని థండర్ బే ఊళ్లో స్థిరపడ్డ ఫిన్నులు, అంటే ఫిన్లండ్ వాళ్లు, మాటల దగ్గర మహా పొదుపు. ఇల్లు అంటుకున్నా ముందు కాఫీ తాగడం ముగించి, ఆ తర్వాతే తలుపు వైపు చూస్తారు. వాళ్లంతా మిగిల్చిన మాటల్ని దేవుడు రెయినో ఒక్కడి నోట్లో పోశాడు. అతను గాలం వేస్తే, ఆ కబుర్లు భరించలేక చేపలే గట్టెక్కి వచ్చేవని చెప్పుకునేవారు.

అతని భార్య ఐలీ చప్పుళ్లతో సంగీతం కట్టేది. వాయిద్యం ముట్టేది కాదు. చలికాలంలో సుపీరియర్ సరస్సు గడ్డకట్టాక, మంచుకు చిల్లు పొడిచి మైకు దించి, పగుళ్లు బారే మంచు మూలుగుల్ని పట్టేది. ఇంటికొచ్చి వాటిని సాగదీసి, ఒకదానిపై ఒకటి పేర్చి, చీకటి గదిలో జనానికి వినిపించేది. ఆమెది ఒకటే నియమం: మనిషి గొంతు వినపడకూడదు. మనం లేనట్టుంటేనే ఆ చోటు నోరు విప్పుతుందనేది.

సామాను మోసేది మాత్రం రెయినోనే.

"కాసేపు నోరు మూసుకోలేవా?" అనేది.

"మూసే ఉంచానే. ముక్కులోంచి వస్తున్నాయి కాబోలు," అనేవాడు.

టేపులో అతని జోకు పడ్డా, దగ్గు పడ్డా ఐలీ కోసి పారేసేది. కోసింది దాచే అలవాటు లేదు.

ఒక ఏడాది రెయినో గొంతులో రాచపుండు లేచింది. ఊపిరాడకపోతే ఉన్నపళంగా స్వరపేటిక తీసేసి, ఊపిరి తీసుకోవడానికి మెడకు చిల్లు పెట్టారు. పాత రికార్డింగులు ఉంటే కంప్యూటర్ చేత అతని గొంతుతోనే మాట్లాడించవచ్చని ఆస్పత్రి నర్సు చెప్పింది.

ఐలీ ముఖం వెలిగింది. "మా ఇంటినిండా అవేనమ్మా. ఎన్ని కావాలి?"

పాతవన్నీ తీసి వింది. మంచు మూలిగింది. కాకి రెక్కలు కొట్టుకుంది. రెయినో లేడు. ఎక్కడ కోసిందో తనకే తెలియనంత నేర్పుగా కోసింది. చివరికి ఆపడం మరిచిన ఒక టేపు కొసన దొరికాడు. "ఇంక దగ్గొచ్చా?" అన్నాడు. దగ్గాడు. అంతే.

నర్సు ఓపిగ్గా విని, ఇది చాలదంది.

మళ్లీ సరస్సు గడ్డకట్టాక ఇద్దరూ వెళ్లారు. ఈసారి ఐలీ మంచుకు చిల్లు పొడవలేదు. మైకును గాలిలోనే నిలబెట్టింది. రెయినో మెడలోంచి ఊపిరి సన్నగా ఈల వేసింది. అతను తప్పు చేసినవాడిలా ఆమెను చూసి, టేపులో తన చప్పుడు పడకూడదన్న అలవాటుకొద్దీ అరచేత్తో ఆ చిల్లు మూసేశాడు. ముఖం కందిపోయింది. ఐలీ ఆ చెయ్యి లాగేసింది.

"ఏదైనా అను," అంది.

అతను చాలాసేపు పెదాలు కదిపాడు. కళ్లు నవ్వుతున్నాయి కాబట్టి జోకే అయ్యుంటుంది. అదేమిటో ఐలీకి అందలేదు. మైకుకూ అందలేదు. ఆ రోజు ఇంటికెళ్లి కోయడానికేమీ లేదు.