ఎల్డన్ ఇంట్లో సగం

ఒహాయోలో మిల్‌ఫోర్క్ అనే చిన్న ఊళ్లో ఎల్డన్ క్రౌట్‌ను ఎరగనివాళ్లు లేరు. ఎరగకపోతే ఆయనే వచ్చి చెప్పేవాడు. చదివింది ఎనిమిదో తరగతి. ఫైర్ స్టేషన్ పైకప్పు ఆయన వేసిందే, చర్చి గంటకు దూలమెత్తింది ఆయనే, ఉంటున్న ఇల్లు పునాది నుంచి పొగగొట్టం దాకా ఆయన చేతిదే. శుక్రవారం ఫైర్ స్టేషన్‌లో చేపల విందుకు వెళ్లినప్పుడల్లా ఈ వరస అప్పజెప్పి, చివర ఒకటి కలిపేవాడు:

"మనవరాలు పుట్టిన వారానికే ఇంటి పత్రంలో నా పేరు పక్కన దాని పేరు రాయించాను. రేపు నేను పోతే కోర్టుల చుట్టూ తిరిగే పని లేదు."

ఆ ఊరి ముసలివాళ్లలో ఇలా రాయించడం కొత్త కాదు. లాయరు ఫీజంటే వాళ్లకు ప్రాణం మీదికొచ్చినట్టే.

ఆ మనవరాలు టెస్సా డిగ్రీ ముగించి ఊరి బళ్లోనే టీచరుగా చేరింది. వాగు అవతల పచ్చ తలుపుల ఇంటి మీద మనసుపడింది. చదువైన పిల్లలు రాష్ట్రం వదిలిపోకుండా, మొదటి ఇల్లు కొనుక్కునేవాళ్లకు పన్ను తగ్గించే పథకం ఒకటుంది. ఆ తగ్గింపు దొరికితేనే ఆ ఇల్లు ఆమెకు అందుతుంది. దొరికినట్టేననుకుని ఎల్డన్ అప్పుడే అక్కడి వంటింటి అలమరలకు చెక్క కోసి పెట్టాడు.

బ్యాంకు ఉద్యోగిని రికార్డు చూసి, "నీకు ఇల్లుందిగా అమ్మా," అంది. ఇప్పుడు పేరు తీయించినా లాభం లేదట. ఒకసారి యజమాని అయ్యాక, ఆ పథకం లెక్కలో ఏ ఇల్లు కొన్నా అది మొదటిది కాదు.

టెస్సా వచ్చి చెబితే ఎల్డన్ విన్నాడు, కోసిన చెక్కలు షెడ్డులోకి మోశాడు. పచ్చ తలుపుల ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు.

తరవాతి శుక్రవారం మళ్లీ వరస మొదలైంది. పైకప్పు, దూలం, ఇల్లు. అక్కడ ఆగి ఆపిల్ కేకు ముక్క ముందుకు లాక్కున్నాడు.

"పత్రం సంగతి మింగేశావేం?" అంది వడ్డిస్తున్న డార్లీన్.

తాత పక్కన కూర్చున్న టెస్సా అందుకుంది.

"నేను చెబుతాలే అత్తా. పుట్టిన వారానికే తాతయ్య నాకు సగం ఇల్లు రాసిచ్చాడు. రేపు ఆ సగంలోకి దిగుతున్నాను. వంటిల్లు నా వాటాకొచ్చింది. పసుపు రంగు కూడా కొన్నాను."

ఆ వంటింటి గోధుమరంగు ఎల్డన్ పెళ్లినాటిది. దాని మీద ఎవరినీ బ్రష్షు పెట్టనిచ్చింది లేదు.

"నన్నొక మాట అడగొద్దూ?" అన్నాడు.

"పుట్టిన వారానికి నన్నెవరడిగారు తాతయ్యా?"

మర్నాడు గోడలు గీకింది ఎల్డనే. షెడ్డులోని చెక్కలు తెచ్చి అలమరలు బిగించాడు. వేరే ఇంటి కొలత కదా, ఒకవైపు అంచు కోయాల్సి వచ్చింది. శుక్రవారం వరసలో ఇప్పుడు అలమరలు కూడా చేరాయి. పత్రం దగ్గరికొచ్చేసరికి ఆయన ఆగుతాడు, ఆ మాట టెస్సా చెబుతుంది.