రిబ్బను అంచులో తీగ

దర్జీ అక్క రోజూ పొద్దున్నే కొట్టు తలుపు తీసి, మిషనుకు రెండు చుక్కల నూనె వేసి, కత్తెర కళ్లకద్దుకుని, "స్వామీ, ఈ పూట ఎవరి గుడ్డా నా చేతిలో పాడవకుండా చూడు" అని దణ్ణం పెట్టుకునేది. దారిన పోయేవాళ్లకు గుండీ ఊడి కనిపిస్తే నిలబెట్టి కుట్టి పంపేది. అలాంటి మనిషి పగబట్టిందంటే ఎవరూ నమ్మరు. కానీ పట్టింది.

కొత్తగా కట్టిన ఆధునిక కళల మ్యూజియం వాళ్లు ప్రారంభోత్సవానికి రిబ్బను కుట్టమని ఆమెకే పురమాయించారు. గుమ్మం కొలత తీసుకోవడానికి వెళ్లిన అక్క, లోపలి గోడ చూసి కొయ్యబారిపోయింది. చట్రంలో బిగించి ఉన్నది వాళ్లమ్మ బొంత! చూపు పూర్తిగా పోయేముందు, కొట్టులో మిగిలిన పేలికలన్నీ ఏరి అమ్మ కుట్టిన ఆఖరి బొంత. కింద పలకమీద మాత్రం ఓ చిత్రకారుడి పేరుంది. అతను వాళ్ల మేడమీద గదిలో అద్దెకున్నప్పుడు, చలికి వణుకుతున్నాడని అమ్మే దాన్ని తీసుకెళ్లి కప్పింది. గది ఖాళీ చేస్తూ దాన్నీ మూట కట్టుకుపోయాడు.

అడిగితే నవ్వాడు. "మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అవి పేలికలేగా అక్కా! నేను గోడకెక్కించాకే కళ అయింది."

"అలాగా తమ్ముడూ," అని ఊరుకుంది.

ఆ సాయంత్రం దేవుడి పటం వంక చూడకుండానే మిషను ముందు కూర్చుంది. రిబ్బను ముడి వాలిపోకుండా దాని అంచులో సన్నటి తీగ పెట్టి కుట్టడం ఆ పనిలో మామూలే. అక్క మాత్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా రెండంచుల్లోనూ ఉక్కుతీగ పెట్టింది. ఏ దారం లాగితే తీగలు జారి వచ్చేస్తాయో తనకొక్కదానికే తెలిసేలా కుట్టింది.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి కత్తెర పెట్టి నొక్కాడు. మధ్య గుడ్డ తెగింది, అంచులు తెగలేదు. ఇంకో కత్తెర తెచ్చారు. అదీ అంతే.

"ఏమయ్యా, ఇది రిబ్బనా, కంచెనా?" అన్నాడాయన.

"పళ్లతో కొరకండి సార్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. జనమంతా గొల్లుమన్నారు.

మ్యూజియం కాపలా అమ్మాయి తన స్టూలు ఇచ్చి, మంచినీళ్లు ఇచ్చి, చూడ్డానికొచ్చిన అక్కను ఓ పక్కన కూర్చోబెట్టింది. చిత్రకారుడు చెమటలు కక్కుతూ అక్కడికొచ్చాడు. "అక్కా, నీ చేతి కుట్టే కదా! పరువు పోతోంది, వచ్చి విప్పు."

"ఆ బొంత ఎవరు కుట్టారో మైకులో చెప్పు. అందాకా నాకు మోకాళ్ల నొప్పులు, లేవలేను."

"తర్వాత మాట్లాడుకుందాం అక్కా, నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి నేను చూసుకుంటాలే. నువ్వెళ్లు."

ముఖ్య అతిథి మూడో కత్తెర అందుకున్నాడు. చిత్రకారుడు మైకు దగ్గరికెళ్లి గొణిగాడు.

"వినపడట్లేదు!" అని అక్కే కేకేసింది.

"ఆ బొంత నాది కాదు. దర్జీ అక్క వాళ్లమ్మ కుట్టింది," అన్నాడు ఈసారి గట్టిగా. మ్యూజియం పెద్ద అక్కడికక్కడే పలక తీయించాడు.

అక్క లేచి వెళ్లి దారం లాగింది. తీగలు జారి వచ్చాయి, ముఖ్య అతిథి మళ్లీ కత్తెర పెడితే రిబ్బను తెగింది. వంగిపోయిన అతని తల చూస్తుంటే ఆమె కడుపు చల్లబడింది. అలా సంతోషించడం తప్పేనని, దేవుడికి లెంపలేసుకోవాలని తెలుసు. ఓ నాలుగు రోజులాగి వేసుకుందామనుకుంది.

వెళ్తూ వెళ్తూ కాపలా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నాకో సాయం చేసిపెట్టు. మా అమ్మ బొంతను ఎవరైనా చూడనీ, పిల్లలు ముట్టుకుంటే ముట్టుకోనీ. వాడొస్తే మాత్రం ఆ గోడ దగ్గర నిలబడనివ్వకు."